దసరా నాడు బాద్షా

"ఈ పండుగకు చుట్టాలన్న రావాలె, కుక్కన్న ఉండాలె. రెండూ అంటే కాదు అవ్వా" అని నా కొడుకు దేవిదాస్ బతుకమ్మ మొదలైన రోజే తేల్చి చెప్పాడు.

నేను అప్పుడు జొన్నరొట్టెలు చేస్తున్నాను. పెనం మీది రొట్టె తిప్పడం మరిచిపోయి వాడి ముఖం చూశాను. మాడిన వాసనకు ముందుగా లేచింది బాద్షానే. గడప దగ్గర కూర్చుని మొదటి రొట్టె కోసం ఎదురుచూస్తున్నాడు. మాట తన గురించేనని వాడికి ఏం తెలుసు, తోక ఊపుతూనే ఉన్నాడు.

కొడుకు మాటలో తప్పు లేదు. మాది బోధన్. దేవిదాస్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు కాటా దగ్గర పని చేస్తాడు. నా బిడ్డ గంగామణిని చందూర్‌లో పసుపు పండించే ఇంటికి ఇచ్చాము. నిరుడు దసరాకు అల్లుడు బాలనర్సయ్య మొదటిసారి మా ఇంటికి పండుగకు వచ్చాడు. సాయంత్రం అందరూ జమ్మి చెట్టు దగ్గరికి పోయి ఆకు తెచ్చారు. మా దిక్కు ఆ ఆకునే బంగారం అంటాం. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చేతిలో బంగారం పెట్టి, కాళ్ళు మొక్కి, దీవెన తీసుకుంటారు. అల్లుడు కూడా కొత్త ధోతి కట్టుకుని వచ్చి, నా చేతిలో ఆకు పెట్టి, "దీవించు అత్తా" అని వంగాడు. అంతే, నా మంచం కింద పడుకున్న బాద్షా ఒక్క ఎగురు ఎగిరి అతని మణికట్టు పట్టుకున్నాడు. పండుగ పూట వాకిలంతా రక్తం. ఆ పిల్లవాడు దవాఖానకు పోయి బొడ్డు చుట్టూ సూదులు వేయించుకున్నాడు. ఒక్క మాట అనలేదు. అనాల్సినవన్నీ వాళ్ళ అమ్మ ముత్తవ్వ అన్నది.

ఇప్పుడు గంగామణికి ఐదో నెల. ముత్తవ్వే దసరాకు తోలుకొని వస్తానని కబురు చేసింది. ఆ కబురుకు ఒక తోక ఉంది. కుక్క ఇంకా ఆ ఇంట్లోనే ఉంటే పండుగకు వచ్చినట్టే వచ్చి తిరిగి పోతామనీ, మొదటి కాన్పుకు పిల్లను ఆ ఇంటికి పంపేది లేదనీ. బిడ్డ మొదటి కాన్పు తల్లి ఇంట్లో కాకపోతే ఆ తల్లికి ఎలా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు.

"చెరుకు బండి తుకారాం వచ్చిండు" అన్నాడు దేవిదాస్. "బండి చక్రాలకు పట్టీలు ఏయించుకొని దసరా తెల్లారి పోతడు. మంజీర అవతల వాళ్ళ ఊర్ల ఇడిసిపెడ్తనన్నడు. ఆడ చేన్లు ఉన్నయ్, నీళ్ళు ఉన్నయ్. బతుకుతది."

"కుంటికాలుతోని ఏం బతుకుతడురా?"

అడిగాను కానీ, దేవిదాస్‌కూ ఇష్టం లేదని నాకు తెలుసు.

బాద్షా మా ఇంటికి వచ్చింది చెరుకు బండ్ల వెంట. బండ్లు ఫ్యాక్టరీ ముందు బారు తీరి నిలబడితే వాటి కింద తిరిగేవాడు. ఎడ్లు బెదురుతాయని బండ్లవాళ్ళు రాళ్ళు వేసేవాళ్ళు. గల్లీలోకి వస్తే గల్లీవాళ్ళు వేసేవాళ్ళు. ఒక రాయి వెనక కాలికి తగిలి ఆ కాలు వంకర పోయింది. ఆ నడక చూసి మా పక్కింటి అయ్యూబ్, "అరే, అంబారి మీద ఊరేగే నవాబు లెక్క ఊగుకుంట వస్తుండు సూడుండ్రి" అని బాద్షా అని పేరు పెట్టాడు. మా ఇంటాయన పోయింది ఆ ఏడే. కొడుకూ కోడలూ ఎంత బతిమాలినా నాకు ముద్ద దిగేది కాదు. పొయ్యి ముట్టించాలని ఉండేది కాదు. ఈ కుక్క వచ్చి గడప ముందు కూర్చునేది. అడిగేది కాదు, అరిచేది కాదు. దానికోసమని ఒక రొట్టె చేసేదాన్ని. సగం దానికి వేసి, మిగతా సగం చేతిలో ఉంటే ఏం చేస్తాను, నేను తినేదాన్ని. అలా తిని నేను నిలబడ్డాను.

"దసరా దాక ఆగు బిడ్డా" అన్నాను. "వాన్ని నిమ్మలం చేస్త. పండుగ నాడు ఒక్కలను గుర్రుమన్నా సరే, తెల్లారి నా చేతులతోని నేనే తుకారాం బండి ఎక్కిస్త."

దేవిదాస్ ఒక వేలు ఎత్తి చూపించాడు. "ఒక్కలనంటే ఒక్కలనే" అన్నాడు. "చందూరోళ్ళకు కుక్క పోయిందని చెప్ప, ఉన్నదనీ చెప్ప. ముత్తవ్వత్త నా మీద పడితే నువ్వే అడ్డం రావాలె." ఆ గడువు ఇచ్చినందుకు ఇప్పటికీ వాడి మీద నాకు కృతజ్ఞత ఉంది. అల్లుడి ముందు తల ఎత్తుకోలేక ఏడాదంతా మసలినవాడు వాడే.

నిమ్మలం చేస్తానని అన్నాను కానీ ఎలా చేయాలో నాకు తెలియదు. కోడలు శ్యామల కట్టెల కొట్టంలో పెట్టి తలుపు వేద్దామన్నది. పెట్టి చూశాము. తలుపు గీకి గీకి గోళ్ళ వెంట రక్తం తెచ్చుకున్నాడు. ఆ ఏడుపులో వచ్చిన చుట్టాలను పలకరించే వీలు కూడా ఉండదు. గుంజకు కట్టేశాము. మెడకు తాడు బిగించుకుని కళ్ళు తేలేశాడు. కడుపునిండా పెరుగన్నం పెడితే మత్తుగా పడుకుంటాడని మరొకరు అన్నారు. పెట్టాము, పడుకున్నాడు. అంతలో మా గల్లీలోని ముసలాయన పోశయ్య చుట్టకు నిప్పు కోసమని వచ్చి పొయ్యి దగ్గర వంగాడో లేదో, నిద్రలోంచి లేచి పళ్ళు బయటపెట్టాడు.

"దీనికి నా చుట్ట వాసన పడదు" అన్నాడు పోశయ్య వెనక్కి నడుస్తూ.

"చుట్ట కాదు తాతా, కొత్త బట్టల గంజి వాసన పడదు" అన్నది శ్యామల.

"నా ధోతి కొత్తదా? మూడు దసరాలు సూసింది ఇది!"

"డప్పుల సప్పుడుకు బెదురుతుందేమో" అన్నాను నేను.

"ఇప్పుడు డప్పెవ్వడు కొట్టిండు అవ్వా? అది తిక్కది" అన్నాడు దేవిదాస్. ఆ మాటతో అందరూ ఎవరి పనికి వాళ్ళు పోయారు.

పండుగ ముందు అయ్యూబ్ ఇంటి ముందు ఇత్తడి గిన్నెలు గుట్ట పోసి ఉంటాయి. వాళ్ళది కళాయి పెట్టే ఇల్లు. నేను కూడా మా గంజు, గంటె పట్టుకుని పోయాను. బాద్షా నా వెనకే వచ్చాడు. అయ్యూబ్ కొలిమి దగ్గర తిత్తి ఊదుతున్నాడు. అతని భార్య కనీజ్ నన్ను చూసి పీట చూపించింది. నాకూ ఆమెకూ మధ్య పిట్టగోడ తప్ప ఏ అడ్డమూ లేదు. కూర్చోగానే నాకు ఏడుపు వచ్చింది. అంతా చెప్పాను.

"గిదేం ముచ్చట అక్కా!" అన్నది కనీజ్. "మా ఈద్ నాడు పొద్దుగాల కెళ్ళి రాత్రి దాక ఊరంత మా ఇంటికే వచ్చింది. షీర్‌ఖుర్మా పోసి పోసి నా చెయ్యి గుంజింది. గీ బాద్షా మా గడప పక్కన గోనెసంచి మీద పండుకున్నోడు పండుకున్నట్టే ఉన్నడు. ఒక్కల మీద అరిసిండా? అడుగు మా ఆయనను."

"అరవలే" అన్నాడు అయ్యూబ్. "రెండు బొక్కలు తిన్నడు, పండుకున్నడు. అసల్ నవాబే."

నేను కళ్ళు తుడుచుకున్నాను. "మరి మా ఇంట్ల ఎందుకు గట్ల చేస్తడు? కొత్త బట్టల వాసన పడదంటది మా శ్యామల."

"ఈద్ నాడు మేము పాతయి ఏసుకుంటమా? మా మరిది పూసుకున్న అత్తరుకు నాకే తలకాయ నొచ్చింది. దీనికి తుమ్ము సుత రాలే."

"డప్పులు?"

"గల్లీ పోరగాండ్లు డప్పుల కంటె తక్కువనా?"

"మరి మీద పడి అలాయిబలాయి తీసుకుంటరు గదా, నన్నేదో చేస్తున్నరనుకుంటడేమో."

"మేము ఒక్కసారి కాదు, మూడుసార్లు గలే మిల్తం" అని కనీజ్ లేచి వచ్చి నన్ను లేపి గట్టిగా పట్టుకుంది. ఇటు, అటు, మళ్ళీ ఇటు. బాద్షా చూశాడు. ఆవులించాడు. తల కాళ్ళ మీద పెట్టుకున్నాడు. మేమిద్దరం ఏడుపులోనే నవ్వుకున్నాము.

ఆ పట్టుకోవడంలో నా చేతిలోని గంటె జారి నా కాళ్ళ దగ్గర పడింది. తీసి ఇద్దామని కనీజ్ వంగింది. బాద్షా గబుక్కున లేచాడు. మెడ మీది వెంట్రుకలు నిక్కాయి. గొంతులో గుర్రు మొదలైంది. కనీజ్ చెయ్యి గాలిలోనే ఆగింది.

"కదలకు" అన్నాను.

అప్పుడు వాడిని సరిగ్గా చూశాను. నిరుడు అల్లుడి మీద పడ్డప్పుడు నేను రక్తాన్ని చూశానే కానీ వీడిని చూడలేదు. తోక కాళ్ళ మధ్యకు పోయింది. వెనక కాళ్ళు వణుకుతున్నాయి. వాడి చూపు కనీజ్ ముఖం మీద లేదు. ఆమె చేతి మీద ఉంది. నేల వైపు పోయిన ఆ చెయ్యి దేనితో పైకి వస్తుందోనని చూస్తున్నాడు.

"కనీజ్" అన్నాను, "నువ్వు రాయి తీస్తున్నవనుకుంటుండు."

ఆమె మెల్లగా నిటారుగా నిలబడి రెండు ఉత్త చేతులూ చూపించింది. గుర్రు ఆగింది. అయ్యూబ్ తిత్తి ఊదడం ఆపేశాడు.  వీడు చిన్నప్పటి నుంచి చూసిన మనుషుల్లో వంగిన ప్రతివాడూ రాయి కోసమే వంగాడు. ఈద్ నాడు వచ్చినవాళ్ళు నిలబడి చెయ్యెత్తి సలాం చేశారు, నిలబడి కౌగిలించుకున్నారు, పోయారు. మా పండుగకు వచ్చినవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు నా ముందుకు వచ్చి నేల మీదికి వంగారు. నన్ను కొట్టడానికే వస్తున్నారని అనుకుని ఉంటాడు. పారిపోకుండా వణుకుతూనే అడ్డం వచ్చాడు.

ఇంటికి వచ్చి చెబితే శ్యామల, "గంతేనా అత్తా! అయితే ఈసారి కాళ్ళు మొక్కద్దని అందరికి చెప్దాం" అన్నది.

"అల్లునికి ఎట్ల చెప్తవ్?" అన్నాడు దేవిదాస్. "నిరుడు కుక్కతోని కరిపిచ్చిండ్రు, ఈసారి దీవెన సుత లేదన్నరని ముత్తవ్వత్త చందూరంత చాటుతది."

అదీ నిజమే. మొక్కవద్దనడం మా దగ్గర తలుపు వేసినట్టే. మనుషులు వంగక తప్పదు. మారితే బాద్షానే మారాలి.

మర్నాడు మధ్యాహ్నం కనీజ్ ఈద్ నాటి గోనెసంచి చంకలో పెట్టుకుని వచ్చింది. దాన్ని నా మంచం పక్కన, గోడ మూలకు, మనుషులు నడిచే దారికి ఎడంగా పరిచింది. "దీనికంటు ఒక జాగ ఉండాలె. ఆ జాగలకు ఎవ్వరు పోవద్దు, మీదికెళ్ళి దాటద్దు" అన్నది. తర్వాత కొంచెం మొహమాటపడింది. "అక్కా, ముందే చెప్తున్న. నీ మీద ఎంత ప్రేమున్నా, ఎంత పావురమున్నా నేను నీ కాళ్ళు మొక్క. మేము అల్లా ముందట తప్ప వంగం. గని కుక్కకు రొట్టె ముక్క కింద పెట్టాల్నంటే వంగుత. దాంట్ల తప్పు లేదు."

"పొద్దంత గిన్నెల ముందట వంగే ఉంట, నన్నెవ్వరు లెక్కడగలే" అన్నాడు అయ్యూబ్ గోడ అవతలి నుంచి.

అలా మొదలుపెట్టాము. మొదట కనీజ్ వాకిలి అవతలి కొస దగ్గర వంగి రొట్టె ముక్క పెట్టి, వాడి వైపు చూడకుండా వెళ్ళిపోయింది. ఆమె పోయాక గాని వాడు లేవలేదు. వాసన చూసి, తిని, మళ్ళీ సంచి మీదికి వచ్చాడు. మళ్ళీ పెట్టింది. మరికొంచెం దగ్గరగా, నెమ్మదిగా, పక్కకు తిరిగి. అయ్యూబ్ వచ్చి పెట్టాడు. శ్యామల పెట్టింది. పోశయ్య చుట్ట ఆర్పేసి మరీ వచ్చి పెట్టాడు. గుర్రుమంటే ఎవరూ అరవలేదు, కొట్టలేదు. అడుగు వెనక్కి వేసి కాసేపాగి మళ్ళీ మొదలుపెట్టారు. ఎవరి ఇంట్లో పండుగ పని వాళ్ళకు నెత్తి మీద ఉంది. అయినా పూటకు ఒకరు వచ్చి నా కుక్క ముందు వంగి పోయేవాళ్ళు.

ఒకరోజు దేవిదాస్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి కనీజ్ సరిగ్గా నా కాళ్ళ దగ్గర వంగి ఉంది.

"ఖాలా! ఏం తప్పు చేసినవని మా అవ్వ కాళ్ళు పట్టుకున్నవ్?"

"తప్పు నీ కుక్కది బేటా. మొక్కుడు నా నెత్తిన పడ్డది."

వాడు నవ్వి, "నేను సూస్త ఆగు" అని అన్నం డబ్బా పట్టుకున్న చేత్తోనే దబుక్కున నా ముందు వంగాడు. బాద్షా గోడకు అతుక్కుని గుర్రుమన్నాడు. దేవిదాస్ ముఖం వాడిపోయింది. రోజూ వీపు నిమిరే వాడి మీదే గుర్రుమన్నాడు కదా.

"సూసినవా అవ్వా!"

"రొట్టె లేకుంట వంగినవ్, రాయోనివైనవ్" అన్నది కనీజ్. "పో, తెచ్చుకొని రా."

వాడు పోయి రొట్టె తెచ్చుకున్నాడు. ఈసారి మెల్లగా వంగాడు. బాద్షా వాడి చేతి నుంచే తీసుకున్నాడు. ఆ రోజు నుంచి అన్నానికి ముందు అదే పనిగా వచ్చి నా కాళ్ళ దగ్గర వంగి పోయేవాడు. జీవితంలో ఎన్నడూ అన్ని దండాలు పెట్టలేదు నా కొడుకు.

దసరా నాడు పొద్దున చందూర్‌వాళ్ళు బస్సు దిగి వచ్చారు. గంగామణి ముఖం నిండుగా ఉంది. అల్లుడు ఆమె చేతిలోని మూట అందుకుని వెనక నడుస్తున్నాడు. ముందు నడుస్తున్న ముత్తవ్వ గడప దగ్గరే ఆగింది.

"వదినా! ఇది ఇంకా బతికే ఉన్నదా?"

"ఉన్నడు వదినా. మీరు రానుండ్రి, మంచిగ కూసొని మాట్లాడుకుందాం."

"నేనేమని కబురు చేసిన, మీరేం చేసిండ్రు?" అని దేవిదాస్ వైపు తిరిగింది. వాడు నా వైపు చూశాడు. నేను అడ్డం పోయి, ఈ ఒక్క సాయంత్రం చూడమనీ, కుక్క ఒక్కరి మీద గుర్రుమన్నా రేపు పొద్దున బండి తయారుగా ఉందనీ చెప్పాను. బాద్షాను పిలవవద్దనీ, వాడి కళ్ళలోకి చూడవద్దనీ, సంచి దాటవద్దనీ కూడా చెప్పాను.

"చుట్టాలకు కాయిదాలు పెట్టే కుక్కను ఇయ్యాల్నే సూస్తున్న!" అన్నది ముత్తవ్వ. కానీ లోపలికి వచ్చింది. వాకిట్లో వాడికి దూరంగా, గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పొద్దంతా ఆ గొడుగు దించలేదు. బాద్షా వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ చూస్తూ సంచి మీద పడుకున్నాడు.

సాయంత్రం జమ్మికి పోయినవాళ్ళు డప్పులతో తిరిగి వచ్చారు. నేను మంచం మీద కూర్చున్నాను. గడప దగ్గర దేవిదాస్ రొట్టె ముక్కల పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక ముక్క చేతిలో పెట్టి, ఎలా వంగాలో చెబుతున్నాడు. కాటా దగ్గర బండ్లను ఒక్కొక్కటిగా వదిలినట్టు ఒక్కొక్కరినే లోపలికి వదిలాడు.

"ఇదేందిర దేవిదాసు" అన్నాడు పోశయ్య తెలిసి కూడా, "మీ ఇంట్ల బంగారం పెట్టాల్నంటే కుక్కకు లంచమియ్యాల్నా?"

"నీ చుట్ట ఆర్పు, లంచం మాఫ్" అన్నాడు దేవిదాస్.

పోశయ్య నాకంటే పెద్ద. అతను ఊరికే బంగారం పెట్టి, బాద్షాకు ముక్క పెట్టి పోయాడు. గల్లీ ఆడవాళ్ళు వచ్చారు, వంగారు, మొక్కారు. ఒక్కొక్కరు వంగినప్పుడల్లా నేను బాద్షా తోక చూశాను. బాద్షా ఒక్కొక్కరి చెయ్యి చూశాడు, ముక్క తీసుకున్నాడు. ఒకసారి లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు.

అల్లుడి వంతు వచ్చింది. బాలనర్సయ్య గడప దాటి రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఎడమ చేతిలో జమ్మి ఆకు, రొట్టె ముక్క రెండూ ఉన్నాయి. కుడి చెయ్యి ధోతి కుచ్చెళ్ళలో దాచుకున్నాడు. గంగామణి పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బిడ్డా" అన్నాను, "భయమైతే ఆడనే ఉండు. నా దీవెన ఆడికి సుత వస్తది."

"లేదత్తా" అన్నాడు. "నిరుడు సగమే మొక్కిన. మిగిలింది ఈసారి మొక్కుత."

దాచుకున్న చెయ్యి బయటికి తీశాడు. మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. నా చేతిలో ఆకు పెట్టి, రొట్టె ముక్క ఆ చేతిలోకి మార్చుకుని, మెల్లగా పక్కకు తిరిగి వంగాడు. బాద్షా లేచాడు. ఇద్దరూ వణుకుతున్నారు. ఆ చేతిని వాడు గుర్తుపట్టాడో లేదో నాకు తెలియదు. మెడ చాచాడు, ముక్క అందుకున్నాడు, సంచి మీదికి పోయి నమిలాడు. అల్లుడు నా కాళ్ళు మొక్కాడు. అతని తల మీద చెయ్యి పెట్టి ఏమని దీవించానో నాకే గుర్తు లేదు.

అందరికీ ఊపిరి వచ్చింది. ముత్తవ్వకూ వచ్చినట్టుంది, కొడుకును దగ్గరికి పిలవబోయి కుర్చీలో ముందుకు జరిగింది. ఒళ్ళోని గొడుగు, దానితో పాటు ఆకువక్కల సంచి కింద పడ్డాయి. వక్కలు వాకిలంతా దొర్లాయి. ఒకటి బాద్షా సంచి దాకా పోయింది. ఆమె ఏమీ ఆలోచించకుండా నాలుగడుగులు వేసి, ఉత్త చేత్తో, గబుక్కున, సరిగ్గా వాడి మూతి ముందు వంగింది.

"అత్తా!" అని దేవిదాస్ కేక వేశాడు.

నేను కళ్ళు మూసుకోలేదు. మూసుకుందామనుకున్నాను, చేతకాలేదు. ముత్తవ్వ వక్క పిడికిట్లో పట్టుకుని అలాగే వంగి ఉండిపోయింది. బాద్షా లేచి ఆ పిడికిలి దగ్గరికి వచ్చాడు. తోక కాళ్ళ మధ్యకు పోలేదు. ముక్కుతో పిడికిలిని ఒకసారి పొడిచాడు. మళ్ళీ పొడిచాడు. ముత్తవ్వ వేళ్ళు వాటంతట అవే విచ్చుకున్నాయి. లోపల వక్క తప్ప ఏమీ లేదు. వాడు వాసన చూసి తుమ్మాడు. తర్వాత తల ఎత్తి ఆమె ముఖంలోకి చూశాడు. నా రొట్టె ఏదీ అన్నట్టే ఉంది ఆ చూపు.

"వదినా" అన్నది ముత్తవ్వ సన్నటి గొంతుతో, వంగినది వంగినట్టే ఉండి, "జెల్ది రొట్టె తే."

శ్యామల దేవిదాస్ చేతిలోని పళ్ళెం లాక్కుని పరుగెత్తింది. ముత్తవ్వ ముక్క అందించింది. వాడు తీసుకుని ఆమె చెయ్యి నాకాడు. "ఛీ ఛీ, పండుగ చీరె" అంటూనే ఆమె ఇంకో ముక్క పెట్టింది. ముందు గంగామణి నవ్వింది. తర్వాత వాకిలంతా నవ్వింది. దేవిదాస్ పళ్ళెం అందుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. వాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నేను చూడలేదు.

తెల్లారి పొద్దున తుకారాం బండి కట్టుకుని మా ఇంటి ముందుకు వచ్చాడు. చేతిలో తాడు ఉంది.

"మావుశీ, కుత్రా కుఠే?" అని మరాఠీలో కుక్క ఏదని అడిగాడు.

నేను మాట్లాడేలోపే దేవిదాస్ బయటికి పోయాడు. "కుక్క లేదు తుకారాం. ఇంట్ల ఉన్నది మా బాద్షా. ఈ గారెలు తిని పో."

తుకారాం తాడు బండిలో పడేసి, "మేలు. నాకు సుత మనసు లేకుండె" అని గారెలు తీసుకున్నాడు. అతనికీ మొక్కాలనిపించింది నాకు. అడగగానే ఒప్పుకున్నాడు, వద్దనగానే నవ్వుతూ పోయాడు.

చుట్టాలు బయలుదేరే ముందు నేను జమ్మి ఆకు తీసుకుని కనీజ్ ఇంటికి పోయాను. ఆమె చేతిలో బంగారం పెట్టి ఏదో చెప్పబోయాను. ఆమె నన్ను పట్టుకుంది, ఇటు, అటు, మళ్ళీ ఇటు. "అక్కా, గీ ఆకు నా ఖురాన్ పెట్టె పక్కన పెట్టుకుంట, ఏమనుకోకు" అన్నది. ఏమనుకుంటాను!

ముత్తవ్వ కూడా నా వెనకే వచ్చిందని అప్పుడు చూశాను. గొడుగు చంకలో ఉంది. గడప దగ్గర నిలబడి కనీజ్‌ను పైనుంచి కింది దాకా చూసింది.

"కుక్కకు దండాలు నేర్పింది నువ్వేనా?"

"దండాలు కాదమ్మా, రొట్టె తినుడు" అన్నది కనీజ్.

"ఏదో ఒకటి. వదినా, పిల్లను ఏడో నెల ఎళ్ళంగనే నీ కాడికి తోలుత. కాన్పు ఈడనే కానీ." తర్వాత కనీజ్ వైపు తిరిగింది. "గని పుట్టిన పిల్ల కుయ్యిమంటే ఆ కుక్క బెదరద్దు. గది సుత నువ్వే సూసుకోవాలె."

"పిల్ల రానీయుండ్రి, పిల్ల కూడ రొట్టె పెడ్తది" అన్నది కనీజ్.

"ముందు నడుసుడు రావాలె కదా!" అన్నాడు అయ్యూబ్ కొలిమి దగ్గర నుంచి.

నేను ఆ గడప మీదే కూర్చుండిపోయాను. మనసులో బరువు లేదు. ముత్తవ్వ నా పక్కన కూర్చుని సంచిలోంచి ఒక వక్క తీసి నా చేతిలో పెట్టింది.